ఎడమచేతి గిటార్

క్రిస్మస్ రోజు పొద్దున్నే చెట్టు కింది పెట్టెను ఒళ్లో పెట్టుకుని పర్సిస్ ఏటా ఒకే మాట అడిగేది.

"ఇది ఎవరు పంపారు, ఆంటీ?"

"ఇంకెవరు పంపుతారే? మీ డాడీ!" అనేది విమలకుమారి.

పిల్లకి జవాబు తెలీక కాదు. ఆ మాట ఇంకోసారి చెవిన పడాలని అడిగేది. విన్న కథే మళ్లీ చెప్పమని పిల్లలు ప్రాణం తీస్తారు చూడండి, అలాగన్నమాట. ఆ పెట్టె కొన్నది విమలకుమారి. రంగు కాగితం చుట్టింది విమలకుమారి. పైన 'విత్ లవ్, డాడీ' అని చేతిరాత మార్చి రాసింది కూడా విమలకుమారే. సొమ్మొకడిది, సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ అబద్ధం ఎలా పుట్టిందో తెలియాలంటే ముందు దేవకుమార్ సంగతి తెలియాలి. అతనిది భీమవరం. డెట్రాయిట్ పక్కన నోవైలో, కార్లకి బ్రేకులు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరుగా ఉండేవాడు. విమలకుమారిది నరసాపురం. భర్త పోయి, పిల్లాపీచూ లేక, హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం, ఆదివారం తెలుగు చర్చి తప్ప వేరే లోకం ఎరగని మనిషి. చర్చిలో పరిచయం మీద ఆమెను అక్కా అనేవాడు దేవకుమార్. అతని భార్య కేన్సర్‌తో మంచం పట్టినప్పుడు, పోయినప్పుడు కూడా, ఆ ఇంటికి క్యారేజీలు మోసింది ఈ అక్కే. మరుసటి ఏడాది అతని ఉద్యోగం పోయింది. ఉద్యోగంతోపాటే వీసా పోయింది. కెనడాలో ఏదో దొరికిందని, తొమ్మిదేళ్ల కూతురినీ ఒక సూట్‌కేసునూ తీసుకొచ్చి విమలకుమారి గుమ్మంలో నిలబెట్టాడు.

"సమ్మర్ దాకా అక్కా. సెటిల్ అవ్వగానే వచ్చి తీసుకెళ్లిపోతాను."

ఆ సమ్మర్ రానూ వచ్చింది, పోనూ పోయింది. వారం వారం వచ్చే ఫోను నెలకోసారి అయింది. తర్వాత వీళ్లు చేసినా ఎత్తడం మానేశాడు. అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడని, కొత్త అత్తింటివాళ్లకి ఈ పిల్ల ఉన్న సంగతే చెప్పలేదని చర్చిలో గుసగుసలు నడిచాయి. విమలకుమారి ఆ గుసగుసల్ని పిల్ల చెవిదాకా రానివ్వలేదు.

మొదటి క్రిస్మస్ ముందురోజు పర్సిస్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పోస్టు బండి కోసం కూర్చుంది. బయట మంచు పడుతోంది. బండి వచ్చింది, వీధిలో అందరి డబ్బాల్లోనూ ఏదో ఒకటి పడేసి పోయింది. వీళ్ల డబ్బాలో కరెంటు బిల్లు పడింది. పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే విమలకుమారి దగ్గరికి తీసుకుని ఓదార్చి ఊరుకునేదేమో. "రేపు వస్తుందేమో ఆంటీ, మంచు కదా," అని ఆ పసిది తండ్రిని వెనకేసుకొచ్చింది. ఆ మాట వినగానే విమలకుమారి లేచి కోటు తొడుక్కుంది. కారు తీసి, మంచులో జారుకుంటూ వెళ్లి, మూసేయబోతున్న ఒక కొట్లోంచి ఊదారంగు మంచుబూట్లు కొని తెచ్చింది. పక్కింటివాళ్ల డబ్బాలో పడిందట అని చెప్పింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఆదివారం చర్చిలో పర్సిస్ ఆ బూట్లు ఊరందరికీ చూపించింది. పాస్టరమ్మగారు పొంగిపోయి, చర్చి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, దూరాన ఉన్నా తండ్రి మనసు మరువని దేవకుమార్ బ్రదర్‌ను బట్టి దేవునికి స్తోత్రం అని రాసింది. ఫోను ఎత్తని పెద్దమనిషి గ్రూపులో మాత్రం భద్రంగా ఉన్నాడు. కాసేపటికి ఆ ఫొటో కింద దండం పెట్టే చేతుల బొమ్మ పెట్టాడు. నేను పంపలేదు అనలేదు. ఎవరు కొన్నారని అడగలేదు. దండం పెట్టి ఊరుకున్నాడు.

ల్యాబ్‌లో పని మధ్య అది చూసి విమలకుమారికి ఒళ్లు మండిపోయింది. అయినా నోరెత్తలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పుట్టినప్పట్నుంచీ వింటూ పెరిగిన మనిషి. తండ్రి పరువు పోతే పోయేది పిల్ల పరువే అనుకుంది. పైగా ఈ పొగడ్తకైనా సిగ్గుపడి ఒకసారి వచ్చి చూసిపోతాడేమోనని ఆశ. సిగ్గు అంత చవగ్గా దొరికితే లోకం ఎప్పుడో బాగుపడేది.

అలా ఏటా ఒక పెట్టె, ఏటా గ్రూపులో ఒక స్తోత్రం, ఏటా కింద ఒక దండం.

అన్నిటికీ మించింది గిటార్ విషయం. పర్సిస్‌ది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద కలిపితే దేవకుమార్ ఆ చేతి మీద ఠపీమని కొట్టేవాడు. అన్నం తినే చెయ్యేది, ఈ చెయ్యా, అని కళ్లెర్ర చేసేవాడు. విమలకుమారి ఇంటికి వచ్చిన కొత్తలో ఆ పిల్ల భోజనానికి కూర్చుంటే ఎడమచేతిని తొడకింద పెట్టుకుని, దానిమీద కూర్చుని, కుడిచేత్తో సగం మెతుకులు కింద పోసుకుంటూ తినేది. రెండు రోజులు చూసి విమలకుమారి ఆ చేతిని బయటికి లాగింది. "ఇదీ దేవుడిచ్చిన చెయ్యే. నీకు ఏది వాటమైతే దాంతో తిను తల్లీ," అంది.

పదిహేనో ఏట చర్చిలో పాటలకి గిటార్ వాయిస్తానంది పర్సిస్. చర్చిలో ఉన్న గిటార్ కుడిచేతివాళ్లది. దాన్ని తలకిందులుగా పట్టుకుని తంటాలు పడేది. ఆ క్రిస్మస్‌కి విమలకుమారి ఎన్నో కొట్లు తిరిగి, ఎడమచేతి వాటానికి తీగలు బిగించిన గిటార్ సంపాదించింది. పెట్టె విప్పి, పర్సిస్ తీగల మీద ఒక్కొక్క వేలూ పెట్టి చూసుకుంది.

"లెఫ్ట్ హ్యాండ్‌ది, ఆంటీ," అంది చివరికి. "డాడీకి గుర్తుంది. నన్ను కొట్టేవాడు కదా. దానికి సారీ చెప్తున్నాడు."

నేను కొన్నానే పిచ్చితల్లీ అనే మాట విమలకుమారి నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల మొహం చూసి మింగేసింది. ఆ రోజునుంచి ఆ గిటార్‌ను పర్సిస్ ఇంకొకరిని ఊరికే ముట్టుకోనివ్వలేదు. సండేస్కూలు పిల్లలకి పాటలు నేర్పేటప్పుడు కూడా, "మా డాడీ ఇచ్చింది, చేతులు కడుక్కుని రండి," అనేది.

తోటివాళ్లంతా డ్రైవింగ్ పర్మిట్లు తెచ్చుకునే వయసు వచ్చాక పర్సిస్‌కి అర్థమైంది, ఈ దేశంలో తనకి కాగితం లేదని. తండ్రి వీసా మీద వచ్చిన పిల్ల. తండ్రి వీసా పోయినప్పుడే ఆమెదీ పోయింది. ఇండియాలో చూసే దిక్కు లేదు, అమ్మమ్మ కూడా పోయింది. భీమవరం అంటే ఆ పిల్లకి ఫొటోల్లో కనపడే ఒక ఊరు, అంతే. ఇంటి ముందు తెలియని కారు ఆగితే చాలు, పుస్తకం ఎక్కడిదక్కడ వదిలేసి మేడమీదికి పరిగెత్తేది. అది కళ్లారా చూశాక విమలకుమారికి తిండి సయించలేదు. వాళ్లనీ వీళ్లనీ అడిగి ఒక లాయర్ని పట్టుకునేసరికి పిల్లకి పదిహేడు దాటింది.

లాయర్ పేరు నిధి. చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లమ్మాయి. తెలుగు వచ్చు గానీ మాటమాటకీ అమెరికా యాస తగులుతుంది.

"ఇలాంటి పిల్లలకి ఒక లా ఉంది, ఆంటీ," అంది. "పేరెంట్ కొట్టినా, కేర్ తీసుకోకపోయినా, వదిలేసి వెళ్లిపోయినా, ఆ కిడ్‌కి ఇక్కడే ఉండేలా ప్రొటెక్షన్ ఇస్తారు. ఫస్ట్ కౌంటీ కోర్ట్‌లో జడ్జి మిమ్మల్ని గార్డియన్ చేయాలి. తండ్రి తనని వదిలేశాడు, మళ్లీ ఆయన దగ్గరికి పంపడం అవ్వదు, ఇండియాకి పంపడం తనకి మంచిది కాదు, ఇలా జడ్జి ఆర్డర్ రాయాలి. ఆ ఆర్డర్ పెట్టి మనం ఇమ్మిగ్రేషన్‌కి అప్లై చేస్తాం. గ్రీన్‌కార్డ్‌కి ఇయర్స్ పట్టొచ్చు. బట్ దారి ఉంటుంది. ఎయిటీన్ నిండితే మాత్రం ఇక్కడి కోర్ట్ తనకి గార్డియన్‌ని పెట్టదు. బర్త్‌డే ఎప్పుడు?"

"జనవరిలోనమ్మా," అంది విమలకుమారి. అప్పటికి చెట్ల ఆకులు రాలిపోతున్నాయి.

"డాడీ ఏమైనా పంపిస్తాడా? మనీ, గిఫ్ట్స్?"

"ఎవ్రీ క్రిస్మస్," అంది పర్సిస్ టక్కున. గొంతులో గర్వం. "గిటార్ కూడా పంపాడు. లెఫ్ట్ హ్యాండ్‌ది."

నిధి టైప్ చేయడం ఆపి విమలకుమారి వైపు చూసింది. ఏటా గిఫ్టులు పంపే తండ్రి కూతుర్ని వదిలేశాడని ఏ జడ్జి రాస్తాడు? విమలకుమారి తలెత్తలేదు. కారుదాకా వెళ్లాక, గ్లౌజులు మరిచిపోయానని చెప్పి, పిల్లను కారులో ఉంచి తిరిగొచ్చి, తలుపు దగ్గరికి వేసి, నిలబడే మొత్తం చెప్పేసింది.

నిధి ల్యాప్‌టాప్ మూసింది. "ఆంటీ, ఇది మీరు కోర్ట్‌లో ఓత్ తీసుకుని చెప్పాల్సి రావొచ్చు. పర్సిస్ ఫస్ట్ టైమ్ అక్కడ వినకూడదు. ఇంట్లో మీరే చెప్పండి. ప్లీజ్."

"చెప్తానమ్మా."

చెప్పలేదు. ఇవాళ పరీక్ష ఉంది, రేపు చెప్తాననుకుంది. రేపు పిల్ల హుషారుగా ఉంది, పాడుచేయడం ఎందుకనుకుంది. ఒకసారి గొంతు సవరించుకుని మేడమీదికి వెళ్లింది కూడా. పర్సిస్ మెత్తటి గుడ్డతో గిటార్ తుడుచుకుంటోంది. "పాలు తాగుతావా?" అని అడిగి కిందికి దిగొచ్చింది. ఇన్నేళ్లు రానివాడు కోర్టుకి మాత్రం వస్తాడా, అతను రాకపోతే గిఫ్టుల మాట ఎత్తేదెవరు అని తనకి తనే సర్దిచెప్పుకుంది. నిధి ఫోన్ చేసి, చెప్పారా ఆంటీ అని అడిగితే, చెప్పానమ్మా అంది. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎన్ని గుంజలు పాతాలో అబద్ధం ఆడేవాళ్లకే తెలుసు.

దేవకుమార్ వచ్చాడు.

మనిషి రాలేదు, కోర్టు గోడమీది తెరలోకి వచ్చాడు. డిసెంబరు నెల, బయట మంచు. హాలు బడిగదంత ఉంది. జడ్జి నెరిసిన జుట్టు ఆవిడ, మాట మెత్తన. నిధికి ఒకపక్క పర్సిస్, ఒకపక్క విమలకుమారి కూర్చున్నారు. తెర వెలగ్గానే దేవకుమార్ కనిపించాడు, కారు స్టీరింగ్ ముందు. ఇంట్లో కూర్చుని ఈ మాటలు మాట్లాడే వీలు లేదన్నమాట. కాస్త లావయ్యాడు. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది.

"డాడీ," అంది పర్సిస్, గాలి వదిలినట్టు.

ఆ పిల్ల తండ్రి మొహం చూసి ఎనిమిదేళ్లయింది. కళ్లార్పకుండా చూస్తోంది. చూస్తూ చూస్తూ అతని భుజం వెనక్కి చూసింది. వెనక సీటులో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టే కుర్చీ బిగించి ఉంది. దానిమీద జిరాఫీ బొమ్మల గుడ్డ. పర్సిస్ మెల్లగా విమలకుమారి వైపు తిరిగింది. మీకు తెలుసా అన్నట్టు చూసింది. విమలకుమారి తల దించుకుంది.

దేవకుమార్ ఇంగ్లీషులో బాగా మాట్లాడతాడు. గార్డియన్‌షిప్‌కి తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. విమల అక్క తన బిడ్డను తనకన్నా బాగా చూసుకుందన్నాడు. ఒక్క మాట మాత్రం ఒప్పుకోనన్నాడు.

"వదిలేశాననే మాట రాయొద్దు, యువర్ ఆనర్. ఇక్కడ నా చర్చిలో నేను ఎల్డర్‌ని, సంఘపెద్దని. ఏటా క్రిస్మస్‌కి నా కూతురికి గిఫ్టులు పంపాను. అక్కడి చర్చి మొత్తం సాక్షి." ఫోన్ పైకెత్తి గ్రూపులోని ఫొటోలు తెరకి ఆనించి చూపించాడు. ఊదారంగు బూట్లు కనిపించాయి. పాస్టరమ్మగారి స్తోత్రం కనిపించింది.

విమలకుమారి తెరమీది ఆ బూట్లనే చూస్తోంది. తను కొన్న బూట్లు, తను పెంచిన పరువు, అవే ఇప్పుడు పిల్ల మెడకి చుట్టుకుంటున్నాయి.

"ఫోన్ పక్కన పెట్టండి," అంది జడ్జి. "ఇప్పుడు చూపించినవి కాక, మీరు పంపిన ఇంకొక్క గిఫ్టు గురించి చెప్పండి. ఏం పంపారు, ఎందుకు పంపారు?"

"చాలా పంపాను, యువర్ ఆనర్. బట్టలు, బొమ్మలు..."

"ఒక్కటి చాలు."

దేవకుమార్ నవ్వబోయాడు. గొంతు సవరించుకున్నాడు. కారు పైకప్పు వైపు చూశాడు. ఏటేటా దండం పెట్టాడే గానీ, దేనికి దండం పెడుతున్నాడో ఆ మహానుభావుడు సరిగ్గా చూసుకోలేదు.

సండేస్కూలు పిల్లలు స్టేజీ ఎక్కి, బట్టీపట్టిన వాక్యం మరిచిపోయి బిక్కమొహం వేస్తే, ముందు వరసలో కూర్చుని శబ్దం రాకుండా పెదవులతో అందించడం పర్సిస్‌కి అలవాటు. ఇప్పుడూ అదే చేసింది. తెర వైపు కాస్త ముందుకి వంగి, పెదవులు పెద్దగా కదిపి, గి-టార్ అంది.

తండ్రి మాట నెగ్గితే తన దారి మూసుకుపోతుందని ఆ పిల్లకి తెలుసు. నిధి అన్నీ వివరంగా చెప్పింది. తెలిసీ అందించింది. నలుగురిలో తండ్రి బిక్కమొహం వేస్తే చూడలేకపోయింది, అంతే.

"గిటార్!" అన్నాడు దేవకుమార్, ఒడ్డున పడ్డవాడిలా. "గిటార్ పంపాను, యువర్ ఆనర్."

పర్సిస్ నవ్వింది. విమలకుమారికి ఆ నవ్వు చూసి ఏడుపొచ్చింది.

"అమ్మాయీ, నువ్వు చెప్పకూడదు," అంది జడ్జి నెమ్మదిగా. ఆవిడ కంటపడకుండా పోలేదు. మళ్లీ తెర వైపు తిరిగింది. "ఆ గిటార్ ఎలాంటిది?"

"మంచి గిటారే. మామూలు గిటార్. బ్రౌన్ కలర్."

పర్సిస్ నవ్వు ఆగింది. ఎడమచేతిని భుజందాకా ఎత్తింది. ఊపింది. అతనికి అర్థం కాలేదని, కుడిచేత్తో ఆ చేతి వెనక రెండుసార్లు తట్టి చూపించింది. ఈ చెయ్యి, డాడీ. అన్నం దగ్గర కొట్టేవాడివి చూడు, ఈ చెయ్యి. మళ్లీ ఎత్తి ఊపింది.

దేవకుమార్ చూశాడు. మొహం విప్పారింది. తనూ చెయ్యెత్తి ఊపాడు.

"హాయ్, బంగారం!" అన్నాడు.

పర్సిస్ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దించి, తొడకింద పెట్టుకుని, దానిమీద కూర్చుంది.

ఆపైన విమలకుమారి ఎవరి కోసమూ ఆగలేదు. నిధి తన పేరు పిలవగానే లేచి వెళ్లింది. ప్రమాణానికి బైబిల్ ఇస్తారేమోనని చూసింది. అదేం లేదు, చెయ్యెత్తితే చాలన్నారు. చెయ్యెత్తింది.

"బూట్లు నేను కొన్నాను," అంది ఇంగ్లీషులో. "గడియారం, కోటు, పుస్తకాలు, అన్నీ నేనే. గిటార్ నేను కొన్నాను. ఆ పిల్లది ఎడమచేతి వాటం కాబట్టి ఎడమచేతి గిటార్ కొన్నాను. ఈయన ఏమీ పంపలేదు. ఒక్కసారి రాలేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు."

"మరి తండ్రి పంపాడని ఎందుకు చెప్పారు?" అంది జడ్జి.

విమలకుమారికి ఇంగ్లీషు అందలేదు. తెలుగులో అనేసి, నిధి వైపు చూసింది. "పిల్ల కిటికీ దగ్గర కూర్చుని తండ్రి కోసం చూస్తోందమ్మా. తండ్రిని తెచ్చివ్వలేకపోయాను. బూట్లయితే కొట్లో దొరికాయి."

నిధి దాన్ని జడ్జికి ఇంగ్లీషులో చెప్పింది. తెరమీద దేవకుమార్ సిగ్నల్ సరిగా లేదని ఏదో గొణిగాడు. తెర నల్లబడింది. కాసేపు ఆగి చూశారు. తిరిగి వెలగలేదు.

జడ్జి ఆర్డర్ చదివింది. తండ్రి ఈ బిడ్డను వదిలేశాడు, అతని దగ్గరికి తిరిగి పంపడం సాధ్యం కాదు, పుట్టిన దేశానికి పంపడం ఈ బిడ్డకు మేలు కాదు. వాళ్లు కోరుకున్న మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా వచ్చాయి. నెగ్గిన కేసు. నిధి విమలకుమారి చెయ్యి నొక్కింది. పర్సిస్ ఆ నల్లటి తెరకేసి చూస్తూ కూర్చుంది.

బయట వరండాలో నిధి వచ్చి పిల్ల ముందు నిలబడింది. "పర్సిస్, ఇంకో విషయం కూడా నీకు గుర్తుచేయాలి. ఈ దారిలో గ్రీన్‌కార్డ్ వచ్చాక, లేటర్ నువ్వు సిటిజన్ అయినా సరే, మీ డాడీని స్పాన్సర్ చేసి ఇక్కడికి తెచ్చుకోలేవు. లా ఒప్పుకోదు."

"సారీ చెప్పినా?"

"చెప్పినా."

పర్సిస్ తలూపి కోటు జిప్పు పైకి లాక్కుంది.

ఇంటికి కారులో బయల్దేరారు. వైపర్లు మంచుని తోసేస్తున్నాయి.

"అన్నీనా, ఆంటీ?" అంది పర్సిస్ ఉన్నట్టుండి.

"అన్నీ, తల్లీ."

"పర్పుల్ బూట్స్?"

"నేనే."

"పక్కింట్లో పడింది అన్నారు."

"పడలేదమ్మా. నేనే కొన్నాను."

పర్సిస్ అద్దంలోంచి బయటికి చూస్తూ మాట్లాడింది. "నేను ఏం అనుకున్నానో మీకు తెలుసా? డాడీకి నా బూట్ సైజ్ తెలుసు. లెఫ్ట్ హ్యాండ్ కూడా గుర్తుంది. అంత లవ్ ఉంది. బట్ రాడు. అంటే నాలోనే ఏదో బ్యాడ్ ఉంది అనుకున్నా. గిఫ్ట్ పంపేంత ఇష్టం ఉంది, నన్ను చూసేంత ఇష్టం లేదు. ఎవ్రీ క్రిస్మస్ అదే అనుకున్నా, ఆంటీ. ఏమీ రాకపోతే డాడీ మంచివాడు కాదు అనుకునేదాన్ని. అది ఈజీ."

విమలకుమారికి ముందు రోడ్డు కనపడలేదు. పక్కకి తీసి కారు ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టుకుంది. పిల్ల గుండె పగలకూడదని ఏడాదికోసారి కాగితం చుట్టి, రిబ్బన్ కట్టి, తను ఇచ్చింది ఇదన్నమాట. తండ్రి తప్పంతా తీసి పిల్ల ఒళ్లో పెట్టింది.

"నన్ను క్షమించవే," అంది. "నాకు తెలీలేదే తల్లీ. నాకు తెలీలేదు."

పర్సిస్ క్షమించాననలేదు. క్షమించననీ అనలేదు. కాసేపయ్యాక, "మెల్లగా డ్రైవ్ చేయండి, ఆంటీ. మంచు కదా," అంది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక విమలకుమారి చర్చిలో లేచి నిలబడి, గిఫ్టుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పాస్టరమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సాయంత్రానికల్లా దేవకుమార్ గ్రూపు నుంచి వెళ్లిపోయినట్టు ఫోనులో ఒక చిన్న లైను కనపడింది. ఈసారి దండం పెట్టలేదు.

గిటార్ దాని సంచిలోనే ఉండిపోయింది. క్రిస్మస్ పాటలకి పర్సిస్ వెళ్లలేదు. సండేస్కూలు పిల్లలు ఫోన్ చేస్తే ఒంట్లో బాలేదని చెప్పమంది. విమలకుమారితో కోపంగా మాట్లాడింది లేదు. అన్నానికి పిలిస్తే వచ్చేది, తినేది, ప్లేటు కడిగి పెట్టి వెళ్లేది. కుడిచేత్తో తినేది. అది చూడలేక విమలకుమారి వంటింట్లోకి వెళ్లి నిలబడేది.

క్రిస్మస్ ముందురోజు చాలాసేపు తర్జనభర్జన పడి, కొట్టుకెళ్లి ఒకటి కొంది. ఇంటికొచ్చి కాగితం చుట్టింది. పేరు రాయాల్సిన చోట అలవాటున చేతిరాత మార్చబోయి పెన్ను ఆపింది. ఇన్నేళ్లలో తన రాతతో తన పేరు రాయడం అదే మొదలు.

పొద్దున్న పర్సిస్ ఆలస్యంగా దిగొచ్చింది. చెట్టు కింద ఉన్నది ఒక్క పెట్టే. దాన్ని చూసి చాలాసేపు మెట్ల దగ్గరే నిలబడింది. తర్వాత వచ్చి కింద కూర్చుని, పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. పైన రాసిన పేరు చూసింది. చూసే అడిగింది.

"ఇది ఎవరు పంపారు, ఆంటీ?"

విమలకుమారి వంటింటి గుమ్మంలో ఉంది. కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"నేనే, తల్లీ. నేను కొన్నాను."

పర్సిస్ తలూపింది. ఇంకోసారి అడిగింది.

"ఎవరు?"

"నేను."

కోర్టులో ఏడవని పిల్ల, కారులో ఏడవని పిల్ల, పోస్టు బండి వెళ్లిపోయిన రోజు కూడా ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది. కన్నీళ్లు రంగు కాగితం మీద పడి పేరు అలుక్కుపోయింది. తుడుచుకోలేదు. ఎడమచేతిని పెట్టె మీద వేసి అలాగే కూర్చుంది. పెట్టె విప్పలేదు. అలాగని ఒళ్లోంచి కింద పెట్టనూ లేదు.